బెజ్జం లేని రాయి

నా మెడలో ఒక రాయి ఉన్నది. దానికి బెజ్జం లేదు, వెండి పట్టు లేదు, జిగురు లేదు. పదహారు ముళ్ళు దానిని పట్టి ఉంచుతున్నవి. ఉదయం విశ్వవిద్యాలయ ఆవరణలో నడకకు వచ్చే తోటివారిలో ఒకరు ఇది ఏ స్వామివారి ప్రసాదమని, మరొకరు ఏ గ్రహశాంతి కోసమని అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ వ్రాస్తున్నాను. గ్రహాలకూ దీనికీ సంబంధం లేదు. చెప్పవలసినది కొంచెం చుట్టుతిరుగుడుగా సాగుతుంది. ముప్పైమూడేండ్లు బడిపిల్లలకు పద్యం చదివి, పదం విరిచి, ప్రతిపదార్థం చెప్పిన నోరు ఇది, చదువరులు మన్నించాలి.

మా వారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ప్రయోగశాలలో సహాయకులుగా పనిచేశారు. రాళ్ళను పలుచగా కోసి గాజుపలకల మీద అతికించడం, నమూనాలకు చీటీలు వ్రాసి పెట్టెలలో సర్దడం, విద్యార్థులను ఊళ్ళవెంట తిప్పుకొని రావడం ఆయన పని. మల్కాజ్‌గిరిలో మేము ఇల్లు కట్టుకొన్నప్పుడు పునాది గుంటలోనుండి బయటపడ్డ ప్రతి రాయినీ ఆయన తిప్పి తిప్పి చూస్తుంటే మేస్త్రీ విసుక్కొని, "సారూ, మీరు ఇంట్లకు పోయి కూసోండ్రి" అన్నాడు. (మల్లికార్జునగిరి అన్న పేరే మల్కాజ్‌గిరి అయిందని పెద్దలు అంటారు. గిరి ఏదయ్యా అని అడిగేవారికి ఆయన పునాది గుంటనే చూపేవారు.)

1984లో విద్యార్థులతో కలిసి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, భీమానది కృష్ణలో కలిసే చోటికి కొంచెం దిగువన, ఇసుకమేటల మీద తిరిగి వచ్చినప్పుడు ఆయన జేబులో ఈ రాయి ఉన్నది. పావురం గుడ్డును రెండువైపులా కొద్దిగా నొక్కితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. తేనెరంగు, నడుమ తెల్లని చారలు, ఏటి అలల వలె. మన హైదరాబాదు బజారులో దీన్ని అఖీక్ అంటారు. మా పెండ్లి అయి అప్పటికి రెండేండ్లు. నాకోసం తెచ్చారేమోనని చేయి చాచాను. "ఇది నీకు కాదు, నా జేబుకు" అన్నారు. అట్లా అన్నందుకు రెండు రోజులు నేను మాట్లాడలేదన్నది వేరే కథ.

ఈ రాయి పుట్టుక గురించి ఆయన చెప్పినది మాత్రం నాకు పాఠమంత చక్కగా గుర్తున్నది. సుమారు ఆరుకోట్ల అరవై లక్షల ఏండ్ల కిందట దక్కన్ పీఠభూమి పడమటి భాగమంతా లావా పొంగి పరుచుకొన్నది. చల్లారుతున్న ఆ లావాలో గాలిబుడగలు చిక్కుకొని బోలు గూళ్ళు మిగిలాయి. తరువాత ఎంతోకాలం ఇసుకసారం కరిగిన నీరు ఆ గూళ్ళలోకి ఊరుతూ గోడలకు పొరమీద పొర పేర్చింది. ఈ చారలు ఆ పొరలే. పైనున్న నల్లరాయి అరిగిపోతే లోపలి గట్టి ముద్ద మిగులుతుంది. దాన్ని ఏరు దొర్లించుకొని వస్తుంది. మన ఆవరణలోని గుండ్లు, మౌలాలీ గుట్ట, ఆర్ట్స్ కళాశాలకు చెక్కిన గులాబిరంగు రాయి వేరే జాతివి. ఇవి ఇరవైఐదు వందల మిలియన్ల ఏండ్లవి, అనగా రెండువందల యాభై కోట్లు. "ఈ అఖీకు వీటి ముందు నిన్న పుట్టిన పిల్ల" అనేవారు ఆయన.

ఆర్ట్స్ కళాశాలను 1939 డిసెంబరులో నిజాం ప్రభువు ప్రారంభించారు. ఆ మెట్లమీద కూర్చొని ఆయన జేబులోని రాయిని బొటనవ్రేలితో నిమురుతుంటే, ఒక పక్క దానిమీద మెరుగు వచ్చింది. ముప్పైఆరేండ్ల మెరుగు అది. ఏ సానరాయీ పట్టలేదు.

2021 మే నెలలో ఆయన వెళ్ళిపోయారు. ఆ నెల ఎటువంటిదో చదువరులకు చెప్పనక్కరలేదు. ఎవరి ఇంటి తలుపు వారు మూసుకొన్న కాలం. ఆసుపత్రి నుండి ఒక సంచి వచ్చింది. అందులో కళ్ళజోడు, ఫోను, ఒక చొక్కా ఉన్నాయి. చొక్కా జేబులో రాయి ఉన్నది. అంత్యక్రియలకు మా అల్లుడు ఒక్కడే వెళ్ళాడు, అదీ దూరం నుండి చూడడానికి. పదవనాడు జరగవలసిన తంతుకు రావలసినవారెవరూ రాలేకపోయారు. రాకపోవడమే మేలనీ అనుకొన్నాను. ఎవరో ముత్తైదువలు, ఎవరో విధవలు చుట్టూ నిలిచి చేయవలసిన పనిని, తెల్లవారుజామున నేనే అద్దం ముందు కూర్చొని చేసుకొన్నాను. నాది పసుపుతాడే, గొలుసు చేయించుకోలేదు. ముప్పైతొమ్మిదేండ్లలో తాడు ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. ప్రతిసారీ కొత్తతాడు వేసిన తరువాతే పాతది తీసేదాన్ని. ఆనాడు పాతది తీశాను, కొత్తది లేదు. మెడకు ఆ తేలికదనం చాలాకాలం అలవాటు కాలేదు. రాత్రిళ్ళు చేయి పోయి వెతికేది.

రాయి మాత్రం బల్లమీద పడి ఉండేది. దుమ్ము తుడిచేటప్పుడు ఎత్తి, మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. ఒకటిన్నర సంవత్సరం అట్లా గడిచింది. ఒకనాడు మా అమ్మాయి, "దాన్ని మెడలో వేసుకోరాదా అమ్మా?" అన్నది. ఆ మాట దానికి ఎంత సులువుగా వచ్చిందో!

అక్కడ మొదలైంది బెజ్జం గొడవ. దగ్గరలోని ఒక నగల దుకాణానికి వెళ్ళాము. అతడు భూతద్దం పెట్టి చూసి, "లోపల వెంట్రుకంత పగులున్నదమ్మా. తొలిస్తే ఉండవచ్చు, రెండు ముక్కలూ కావచ్చు. పగిలితే మా పూచీ లేదు" అన్నాడు. నిజమే చెప్పాడు. అఖీకు ఉక్కుకత్తికి గీత పడని రాయి. దాన్ని తొలవాలంటే వజ్రపుపొడి అద్దిన సూది కావాలి, వేడెక్కకుండా నీళ్ళు పోస్తూ ఉండాలి. సంగారెడ్డి వైపున కొండాపురంలో 1940ల తొలి ఏండ్లలో తవ్వినప్పుడు శాతవాహనుల కాలపు పూసలు లభించాయి. అక్కడి ప్రదర్శనశాలలో వాటిని చూసినప్పుడు మా వారు పూసను వదిలి, బెజ్జాన్నే చూస్తూ నిలబడ్డారు. రెండువైపులనుండి తొలుచుకొంటూ వచ్చి నడుమ కలిపేవారట. రెండు బెజ్జాలు ఎదురుపడకపోతే ఆ పూస వృథా. ఎన్ని వృథా అయినాయో లెక్క ఎవరు పెట్టారు?

పండితశిక్షణ పొందినవారి బుర్ర ఇటువంటి సమయంలో కూడా ఊరుకోదు. కాళిదాసు రఘువంశపు మొదటి సర్గలో తన వినయాన్ని చెప్పుకోవడానికి వజ్రసూచి తొలిచిన మణిలోకి దారం చొరబడడాన్ని ఉపమానంగా తెచ్చుకొన్నాడు. ఆ కవే శాకుంతలంలో దుష్యంతుని నోట శకుంతలను ఇంకా ఎవరూ తొలవని రత్నంతో పోల్పించాడు. తొలిచిన మణి వినయానికీ, తొలవని మణి సౌందర్యానికీ పనికివచ్చాయి. తొలవని మణిని మెడలో ఎట్లా వేసుకోవాలో మహాకవి చెప్పలేదు. వినాయకచవితి కథలో జాంబవంతుడు శమంతకమణిని బిడ్డ ఉయ్యాలకు ఆటవస్తువుగా కట్టాడని ఏటేటా అక్షతలు పట్టుకొని వింటాము. ఎట్లా కట్టాడు? దానికి బెజ్జం ఉన్నదా? అరవైఏండ్లు విన్నాను, ఈ సందేహం ఇప్పుడు వచ్చింది.

దుకాణదారు మరొక ఉపాయం చెప్పాడు. రాయి నెత్తిన చిన్న వెండి టోపీ పెట్టి, జిగురుతో అతికించి, టోపీకి కొక్కెం పెడతానన్నాడు. సరేనన్నాను. అందంగానే కుదిరింది. మూడు నెలలు వేసుకొన్నాను. ఏటినీటిలో నునుపెక్కిన రాయిమీద జిగురుకు పట్టు ఎక్కడిది? పైగా చెమట, చైత్రమాసపు ఎండ. ఒకనాటి ఉదయం తార్నాకలో బస్సు దిగి రోడ్డు దాటాను. విశ్వవిద్యాలయం వైపు నాలుగడుగులు వేశానో లేదో, మెడ వద్ద ఏదో తేలికైంది. ఆ తేలికదనం నాకు తెలిసినదే. చేయి పెట్టి చూస్తే గొలుసు ఉన్నది, గొలుసుకు టోపీ ఉన్నది, టోపీలో ఏమీ లేదు.

తార్నాక అన్న పేరు తీగకంచె వేసిన నాకా నుండి వచ్చిందంటారు. ఇప్పుడక్కడ తీగా లేదు, నాకా లేదు. నాలుగువైపులనుండి ఆగని వాహనాలున్నవి. ఆ రద్దీలో, అరవైదాటిన మనిషి, రోడ్డువారన వంగి గులకరాళ్ళు ఏరుతున్నది. ఒకరిద్దరు ఆగి, "ఏం పోయిందమ్మా, బంగారమా?" అని అడిగారు. "రాయి" అన్నాను. వారు నావైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయారు. తప్పు వారిది కాదు. అరగంటసేపు వెతికాను. అంతకుముందు ఏడవలేదని చెప్పను, కానీ నలుగురిలో ఏడ్చినది ఆ రోజే.

దొరికింది. జామపండ్ల బండి అతడు తన బండి పక్కనే కూర్చొని నన్నే చూస్తూ ఉన్నాడు. చివరకు, "గిదేనా అమ్మా?" అని బండిచక్రం కిందనుండి లాగి చూపాడు. బండి పల్లానికి జారకుండా, దొర్లుకుంటూ వచ్చిన రాయిని పదినిమిషాల కిందట చక్రానికి అడ్డుగా పెట్టుకొన్నాడట. "మంచిగ కుదిరింది" అని కూడా అన్నాడు. దానికి బదులుగా ఫుట్‌పాత్ పక్కనుండి మరొక రాయి తెచ్చి ఇచ్చి, కిలో జామపండ్లు కొన్నాను. ఆరుకోట్ల ఏండ్లలో ఆ రాయి చేసిన పనులలో బండిచక్రాన్ని ఆపడం కూడా ఒకటి. మా వారు వింటే పగలబడి నవ్వేవారు.

ఆనాటినుండి టోపీ తీసి పెట్టెలో పడవేసి, రాయిని కొంగున ముడివేసుకొని తిరిగాను. కొంగుముడి మన స్త్రీల తొలి ఖజానా కదా! చిల్లరపైసలు, తాళంచెవి, గుడిలో పెట్టిన పటికబెల్లం, అన్నీ దానిలోనే. నా చిన్ననాట భువనగిరి దగ్గర మా ఊరిలో నాతో చదువుకొన్న జంగమయ్యగారి అమ్మాయి మెడలో, గుడ్డలో చుట్టి కట్టిన ఇష్టలింగం ఉండేది. వీరశైవులు లింగానికి బెజ్జం పెట్టరు. వస్త్రంలోనో వెండి భరిణెలోనో ఉంచి దారంతో మెడలో ధరిస్తారు. పాల్కురికి సోమన ద్విపదలు పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆ గుడ్డముడి గుర్తుకు వచ్చేది. గుడ్డలో చుడితే భద్రమే, కానీ రాయి కనబడదు. నాకు అది కనబడాలి. అంతకన్న, వేలికి తగలాలి.

కొంగుముడిని మాటిమాటికీ తడుముకోవడం చూసి ఒక అమ్మాయి పలుకరించింది. ఆర్ట్స్ కళాశాల ఎదుట ఉదయం కూర్చొని చదువుకొనే హాస్టలు పిల్ల. వృక్షశాస్త్రం చదువుతున్నది, ఆదిలాబాదు వైపుది. ఖర్చులకోసం మైనపుదారంతో చేతికి కట్టుకొనే పట్టీలు అల్లి తోటివారికి అమ్ముతుంది. రాయిని తీసి చూపాను. అటూఇటూ త్రిప్పి, "దీనికి హోల్ ఎందుకు మేడమ్? జాలి అల్లితె అయిపాయె" అన్నది. ఫోనులో ఎవరో విదేశీయురాలు అల్లుతున్న చిత్రం చూపింది. ఈ ముళ్ళ అల్లికను మాక్రమే అంటారని, ఆ మాట అరబీ నుండి బయలుదేరి యూరపు చుట్టి వచ్చిందని తరువాత తెలుసుకొన్నాను. 1970లలో ఇది లోకమంతా వెర్రిగా వ్యాపించింది. మా బడిలో కుట్టుపని టీచరు పూలకుండీలు వేలాడదీయడానికి పిల్లలచేత అల్లించినదీ ఇదే. ఆనాడు నేను పక్కగదిలో ఛందస్సు చెబుతూ, అది మనకు పట్టని విద్య అనుకొన్నాను.

అల్లిక పద్ధతి చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. మైనం పూసిన సన్నని నూలుదారాలు నాలుగు, ఒక్కొక్కటి ఒకటిన్నర మీటరు తీసుకోవాలి. నాలుగింటినీ సరిగా నడిమికి పట్టి ఒక ముడి వేస్తే, అది రాయికి అడుగుముడి. దానినుండి ఎనిమిది పోగులు బయలుదేరుతాయి. వాటిని జతలు చేసి, చిటికెనవ్రేలి గోరంత దూరంలో జతకొక ముడి, మొత్తం నాలుగు వేయాలి. రెండవ వరుసలో జతలు విడదీసి, ప్రతి పోగునూ పక్కింటి పోగుతో ముడివేయాలి. మూడవ వరుసలో మళ్ళీ పాతజతలు కలుస్తాయి. ఇట్లా వల కన్నులు ఏర్పడతాయి. రాయిని లోపల ఉంచి, పైన ఎనిమిది పోగులనూ చేర్చి బిగించి ఒక ముడి వేస్తే గూడు మూసుకొంటుంది. ఆపై అటు నాలుగు, ఇటు నాలుగు జడలుగా అల్లి మెడతాడు చేసుకోవాలి. రెండు కొనలనూ ఒకదానిమీద ఒకటి జారేటట్లు ముడివేస్తే తల దూరడానికి వదులు, ఆపై బిగువు. పాతబస్తీలో పట్వాలు హారాల వెనుక పట్టుదారంతో అల్లే జారుముడి వంటిదే అది.

వినడానికి ఇంతే. చేతికి దిగేసరికి నెలరోజులు పట్టింది. నా వ్రేళ్ళకీళ్ళు ఉదయం పూట సహకరించవు. దానికి తోడు ముడి. కుడి పోగును ఎడమదాని మీదుగా త్రిప్పి బిగించాక, రెండవసారి ఎడమ పోగును కుడిదాని మీదుగా త్రిప్పాలి. రెండుసార్లూ ఒకేవైపు త్రిప్పితే చూడడానికి ముడివలెనే ఉంటుంది, లాగితే జారిపోతుంది. నేను ప్రతిసారీ ఒకేవైపు త్రిప్పేదాన్ని. "గట్ల గాదు మేడమ్, ఉల్టా ఏస్తున్నరు. మల్ల ఇప్పుండ్రి" అనేది ఆ పిల్ల. విప్పేదాన్ని. ఒకనాడు ఏడుసార్లు విప్పించింది. కోపం లేదు, వేళాకోళం లేదు. చివరకు నా వ్రేళ్ళు పట్టుకొని త్రిప్పి చూపింది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పిల్ల మాట్లాడే మాటను బడిలో ఎందరో పిల్లల నోట నేను ఎర్రసిరాతో కొట్టివేశాను. "గట్ల" అంటే "అట్లా" అని పదిసార్లు వ్రాయమనేదాన్ని. మా ఇంట్లో మా నాయనమ్మ మాట్లాడినదీ అదే మాట. నన్ను పదిసార్లు విప్పి కట్టమన్న ఆ పిల్ల గొంతులో విసుగు లేకపోవడం చూసి, నా గొంతు ఆనాడు ఎట్లా ఉండేదో గుర్తుకు తెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

ముడి కుదిరాక కూడా రాయి నిలువలేదు. వలలో పెట్టి బిగిస్తే ఒక పక్కనుండి మెల్లగా తల బయటపెట్టి జారిపోయేది. అడుగున కన్ను చిన్నది చేస్తే భుజం దగ్గర నుండి, భుజం దగ్గర బిగిస్తే నెత్తి నుండి. ఈలోగా ఆ పిల్లకు పరీక్షలు వచ్చాయి. నన్ను నాకు వదిలి, దారపుకండె చేతిలో పెట్టి వెళ్ళింది.

ఒక రాత్రి నిద్రపట్టక కూర్చుంటే మా నాయనమ్మ ఉట్టి అల్లడం కళ్ళకు కట్టింది. గోగునార తాళ్ళు తడిపి పెట్టుకొని, పెరుగుకుండను బోర్లించి, ఒడిలో పెట్టుకొని కూర్చునేది. నేలమీద వల అల్లి దానిలో కుండను దింపడం ఆమె పద్ధతి కాదు. కుండ మీదనే అల్లేది. "కుండను జూస్కుంట అల్లుతే ఉట్టి ఉట్టిదైతది. కుండ మీదనే అల్లాలె" అనేది. ఉట్టికి చెవులున్న కుండ అక్కరలేదు, చిల్లున్న కుండ అసలే పనికిరాదు. ఎద్దుల మూతికి కట్టే చిక్కం కూడా అంతే, ఆ ఎద్దు మూతిమీదనే కొలత. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలే వడిసెలలో రాయి నిలిచేదీ ఇంత తాటిపట్టీలోనే, విసిరేదాకా జారదు. మన ఊళ్ళలో రాయినీ కుండనూ తొలవకుండా పట్టుకోవడం తెలియనిది ఎవరికి? నేనే దాన్ని విదేశీవిద్య అనుకొని ఫోనులో వెతికాను.

లేచి వంటింట్లోకి వెళ్ళి, గుప్పెడు గోధుమపిండి గట్టిగా కలిపి, ముద్దలో రాయిని తలకిందులుగా సగం గుచ్చి నిలబెట్టాను. అడుగుముడిని రాయి అడుగున పెట్టి, పోగులను నాలుగువైపులా దించుకొంటూ రాయిమీదనే ముళ్ళు వేశాను. రెండవ వరుస రాయి నడుము దాటిన చోట పడింది. అక్కడ వలకన్ను నడుము వెడల్పులో సగమైనా ఉండకూడదని చేతికి తానుగా తెలిసింది. రాయిని ముద్దనుండి తీసి, పిండి కడిగి, మూడవ వరుస వేసి నెత్తిన ముడి బిగించేసరికి పాలవాడు వచ్చాడు. తలకిందులు చేసి ఊపాను. కదలలేదు. వంటింటి గట్టుమీద తట్టాను. కదలలేదు. ఇక అప్పుడు గాని టీ పెట్టుకోవాలని గుర్తుకు రాలేదు.

గ్రంథం అన్న మాట కట్టడం, ముడివేయడం అన్న ధాతువు నుండి వచ్చిందని మా గురువులు చెప్పేవారు. తాటాకుకు బెజ్జం పెట్టి దారం గుచ్చి కట్టినది కాబట్టి గ్రంథమట. బెజ్జం పెట్టలేని వస్తువుకు ముడి ఒక్కటే దిక్కు. జపాను దేశపు తేనీటితోటలలో ఒక ఆచారమున్నది. చిన్న గుండ్రాయికి నల్లతాడు అడ్డంగా, నిలువుగా చుట్టి, నెత్తిన ముడివేసి, బాటమీద పెడతారు. దాని పేరు సెకిమోరి ఇషి, అనగా నాకా కాచే రాయి. ఇక ఈ దారిన ముందుకు రావద్దని అతిథికి అది చెబుతుంది. గోడ లేదు, కంచె లేదు, పలక లేదు. ముడివేసిన రాయి ఉన్నది, మనిషి ఆగి పక్కదారిన వెళతాడు. ఇది చదివినప్పుడు మన తార్నాక గుర్తుకు వచ్చి నవ్వు వచ్చింది. నిలువుమని చెప్పడానికి ఆ చౌరస్తాలో ఎన్ని దీపాలు పెట్టినా చాలడం లేదు.

దారం రంగు విషయంలో చాలా ఆలోచించాను. పసుపు పనికిరాదు. నలుపంటే దిష్టితాడంటారు. ఎరుపంటే మొక్కు అంటారు. చివరకు తేనెరంగే తీసుకొన్నాను, రాతిరంగులో కలిసిపోతుందని. అయినా చూసేవారి కళ్ళు రంగు దగ్గర ఆగవు.

మొన్న మా పెద్దవదిన, అనగా మా వారి అక్కగారు, వరంగల్లు నుండి వచ్చింది. ఎనభై దాటింది. ఆమె వస్తున్నదని తెలిసి, దాన్ని తీసి పెట్టెలో పెడదామా అని ముందురోజు రెండుసార్లు అనుకొన్నాను. తీయలేదు, కానీ కొంగు నిండుగా కప్పుకొన్నాను. అన్నం వడ్డిస్తుంటే వంగినప్పుడు బయటపడింది.

"మెడల ఏందే అది?" అన్నది.

"రాయి, వదినా."

"రాయి కనబడుతనే ఉన్నది. తాడెవరు కట్టిన్రు?"

"నేనే కట్టుకొన్నాను."

ఆమె తినడం ఆపింది. "ముళ్ళెన్ని?"

"పదహారు."

"మూడు గాకుంటె సరే" అని మళ్ళీ అన్నం కలుపుకొన్నది. నేను చారు తేవడానికి లోపలికి వెళ్ళి, అక్కడే కొంతసేపు నిలబడ్డాను.

భోజనమైన తరువాత ఆమె మంచంమీద కూర్చొని, "ఇట్ల తే" అని చేయి చాచింది. మెడలోనుండి తీసి ఇచ్చాను. కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి, దగ్గరగా పెట్టుకొని చూసింది. బొటనవ్రేలు వలకన్నులో నుండి రాయిమీదికి పోయింది, సరిగ్గా ఆ మెరుగున్న చోటికి. "వీడు చిన్నగున్నప్పుడు సుత గింతే. లాగు జేబుల అన్ని రాళ్ళే. ఉతికేటప్పుడు నా చేతులు కొట్టుకపోయేటియి" అన్నది. ఆ పదవనాడు తాను రాలేకపోయిన సంగతి ఈ నాలుగేండ్లలో ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ పూట కూడా ఎవరమూ ఎత్తలేదు. చాలాసేపు రాయి ఆమె చేతిలోనే ఉన్నది. నిద్రపట్టిందేమో అనుకొన్నాను.

నిద్రపోలేదు. అడుగుముడిని గోటితో కదిపి చూస్తున్నది. "ఇది వదులైంది, చూస్కో. మీ నాయనమ్మ గీ పని బిగువుగ జేసేది, నీకెక్కడ వస్తది" అని రాయిని నా చేతిలో పెట్టింది. మా నాయనమ్మను ఆమె మా పెండ్లిలో ఒక్కసారే చూసింది. ఉట్టి సంగతి ఎప్పుడు చూసిందో, ఎవరు చెప్పారో తెలియదు, అడిగితే, "ఆమె అల్లిన ఉట్టి మీ పెండ్లిసారెల రాలేదా?" అన్నది. వచ్చింది. నేను మరచిపోయాను. మల్కాజ్‌గిరి ఇంటికి వచ్చేటప్పుడు ఫ్రిజ్ ఉన్నది కదా అని దాన్ని ఎక్కడో పారవేశాము.

ముడి నిజంగానే వదులైంది. మైనం అరిగినచోట నూలు పోగు లేచింది. వానలు ముదిరేలోగా విప్పి మళ్ళీ కట్టాలి. ఇంట్లో దారం ఉన్నది గాని మైనం అయిపోయింది. ఆ హాస్టలు పిల్ల పరీక్షలు ముగిసి ఊరినుండి తిరిగి వచ్చిందేమో, రేపు ఉదయం ఆర్ట్స్ కళాశాల వైపు వెళ్ళి చూడాలి.